ధారావాహికలూ, దురనుమానమూ

 

  

పోయిన శుక్రవారం నమాజు ముగిసిన తరువాత స్త్రీల వైపు నుండి ఒక చిన్నారి వచ్చి మడిచిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టింది. టీవీలో వచ్చే కుటుంబ ధారావాహికలు చూడటం హలాలా, హరామా అన్నది అందులోని ప్రశ్న. దాని క్రింద మరొక మాట కూడా ఉంది: మా అత్తగారు తెలుగు సీరియల్ చూస్తారు, నేను ఫోనులో పాకిస్తానీ డ్రామా చూస్తాను, మా ఇద్దరిలో తప్పెవరిది?

ఆ సోదరి ఒక్క మాటలో జవాబు ఆశించి ఉంటారు. ఒక్క మాటలో చెప్పడం నాకూ సులభమే. సిగ్గూ బిడియమూ చంపే దృశ్యం చూడరాదు, నమాజు వేళను మింగివేసే వినోదం ఎంత గొప్పదైనా మనకు పనికిరాదు. ఇవి మీకు తెలియనివి కావు. వీటిని గురించి మళ్ళీ ఉపన్యసించి మీ సమయం వృథా చేయను. కాని ఆ కాగితం వారమంతా నా జేబులోనే ఉంది. ఆ రెండవ ప్రశ్న నన్ను వదలలేదు.

ముందుగా ఒక సంగతి మనవి చేస్తాను. కథ వినడమే నేరమని భావించేవారు హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన ఉమ్మె జర్అ వృత్తాంతాన్ని ఒకసారి చదవాలి. ఇది సహీహ్ బుఖారీలోనూ, ముస్లింలోనూ ఉంది. పదకొండుమంది స్త్రీలు ఒకచోట కూర్చుని, తమ భర్తల గుణగణాలు ఏమాత్రం దాచకుండా చెప్పుకుంటారు. ఒకామె భర్త కోపిష్టి, మరొకామె భర్త తిండిపోతు, ఇంకొకామె భర్త పలకరింపే లేని మనిషి. చివర పదకొండవ ఆమె, ఉమ్మె జర్అ, తనను అల్లారుముద్దుగా చూసుకున్న మాజీ భర్త కథ చెబుతుంది. ఇంత సుదీర్ఘమైన ఇంటింటి కథను హజ్రత్ ఆయిషా చెబుతూ ఉంటే దైవప్రవక్త (స) విసుగు లేకుండా విన్నారు. విని, అబూ జర్అ తన భార్యకు ఎట్లా ఉండేవాడో నేను నీకు అట్లా ఉన్నాను అనే భావం వచ్చేలా మృదువుగా పలికారు. ఒక సమాజాన్నే నడిపించే మహనీయునికి భార్య చెప్పే కథ వినే తీరిక ఉన్నది. మనలో ఎంతమందికి ఉన్నదో మనమే చెప్పుకోవాలి.

కాబట్టి కథ మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ కథ మన ఇంట్లోకి వచ్చి ఏ పాఠం చెబుతున్నదన్నదే ప్రశ్న.

ఈ ధారావాహికలు ఎక్కడ పుట్టాయో చూడండి. 1930వ దశకంలో అమెరికా రేడియోలో పగటి పూట ఇల్లాళ్ళ కోసం రోజూ కొంచెం కొంచెంగా సాగే కథలు మొదలైనాయి. వాటికి డబ్బు పెట్టినవారిలో సబ్బులు తయారుచేసే కంపెనీలు ముఖ్యమైనవి. అందుకే వాటికి ‘సోప్ ఒపెరా’ అనే పేరు స్థిరపడింది. ‘గైడింగ్ లైట్’ అనే కథ 1937లో రేడియోలో ఆరంభమై, 1952లో టెలివిజన్‌కు మారి, 2009లో గాని ముగియలేదు. డెబ్బై రెండేళ్ళ కథ! అమ్మమ్మ మొదలుపెట్టినదానికి మనుమరాలు ముగింపు చూసింది. ఇంగ్లండులో 1960లో మొదలైన ‘కొరనేషన్ స్ట్రీట్’ ఇప్పటికీ సాగుతూనే ఉన్నది. కథ సాగినంత కాలం సబ్బు అమ్ముడుపోతుంది. కథ ముగిస్తే నష్టం ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

కథ మనిషి చేతులకు పని నేర్పగలదని కూడా ఈ చరిత్రలోనే రుజువైంది. 1969లో దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో ‘సింప్లెమెంతె మరీయా’ అనే ధారావాహిక వచ్చింది. పల్లెనుండి నగరానికి వచ్చిన ఒక పనిపిల్ల కుట్టుపని నేర్చుకుని, ఆ కుట్టు మిషనుతోనే పైకి వస్తుంది. ఆ కథ ప్రసారమైన చోట్ల కుట్టు మిషన్ల అమ్మకాలు పెరిగాయి, పేద పిల్లలు కుట్టుపని నేర్చుకోవడానికి బయలుదేరారు. ఇది గమనించిన మెక్సికో నిర్మాత మిగెల్ సబీదో, 1975లో వయోజనుల చదువును కథలో పెట్టి ఒక ధారావాహిక తీస్తే, తరగతుల్లో చేరేవారి సంఖ్య పెరిగింది. ఆ బాటలోనే మన దూరదర్శన్ 1984లో ‘హమ్ లోగ్’ ప్రసారం చేసింది. మీలో నా వయసువారికి గుర్తుంటుంది. ప్రతి భాగం చివరా అశోక్ కుమార్ వచ్చి రెండు మంచిమాటలు చెప్పేవారు. మా వీధిలో ఉన్న ఒకే ఒక్క టీవీ ముందు హిందువులు, ముస్లింలు అనే తేడా లేకుండా అందరమూ చాపమీద కూర్చునేవాళ్ళం.

సోదరులారా! కుట్టుపని నేర్పగలిగిన కథ కూపీలు తీయడం నేర్పలేదా? చదువు నేర్పగలిగిన కథ దురనుమానం నేర్పలేదా?

మన తెలుగులో 2017 నుండి 2023 దాకా పదిహేను వందలకు పైగా భాగాలు సాగిన ‘కార్తీక దీపం’ తెలియని ఇల్లు లేదు. డాక్టరైన భర్త, తనకు సంతానయోగ్యత లేదని ఒక స్త్రీ చెప్పిన అబద్ధాన్ని నమ్ముతాడు. గర్భవతియైన భార్యను అనుమానిస్తాడు. ఆ ఇల్లాలు ఇల్లు విడిచి వంటలక్కగా బ్రతుకుతూ బిడ్డను పెంచుకుంటుంది. ఏళ్ళు గడుస్తాయి. అతడు వైద్యుడన్న సంగతి మరచిపోకండి. ఒక్క పరీక్షతో తేలిపోయే విషయం!

ఇక కాగితం వ్రాసిన సోదరి, తన అత్తగారు చూసేదానికంటే తాను చూసేది మెరుగైనదని అనుకుంటూ ఉండవచ్చు. పాకిస్తానీ డ్రామాలు ఇరవై, ముప్పై భాగాలలో ముగుస్తాయి, భాష బాగుంటుంది, పాత్రల తలమీద దుపట్టా ఉంటుంది. నిజమే. 2011, 2012 సంవత్సరాలలో వచ్చిన ‘హమ్‌సఫర్’ ఇరవై మూడు భాగాలే. మన ఇండ్లలోనూ దాన్ని ఎంతోమంది చూశారు. అందులో ఏమున్నది? కోడలంటే గిట్టని అత్త పన్నాగం పన్ని ఆమె శీలంపై నింద మోపుతుంది. భర్త ఆ నిందను నమ్ముతాడు, కడుపుతో ఉన్న భార్య ఇల్లు విడిచి పోవలసి వస్తుంది. భాష మారింది, దేశం మారింది, దుస్తులు మారాయి. అడగవలసినవాడు మాత్రం ఇక్కడా అడగలేదు.

ధారావాహికకు ఇరుసు ఇదే. భర్త భార్య దగ్గర కూర్చుని, అసలు ఏం జరిగిందని ఒక్కమాట అడిగితే, ఆమె చెప్పేదంతా నింపాదిగా వింటే, వెయ్యి భాగాల కథ ఆ సాయంత్రమే ముగిసిపోతుంది. ముగిసిపోతే వ్యాపారం నడవదు. అందుకే అతడు అడగడు, ఆమె చెప్పదు, చెప్పబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు తలుపు తడతారు. అత్త గోడచాటున నిలబడి సగం మాట వింటుంది. ఆడబిడ్డ ఆ సగానికి మరొక సగం కలిపి పొరుగింట్లో చెబుతుంది.

దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా పన్నెండవ ఆయతును గుర్తుచేసుకోండి. విశ్వాసులను ఉద్దేశించి అల్లాహ్, అతిగా అనుమానించడం మానుకోవాలని, కొన్ని అనుమానాలు పాపమని హెచ్చరించాడు. ఒకరి లోగుట్టు ఒకరు కూపీ తీయరాదన్నాడు. వీపు వెనుక నింద చేయడాన్ని చచ్చిన సోదరుని మాంసం తినడంతో పోల్చాడు. అనుమానం, కూపీ, పరోక్షనింద. ఒకదాని కడుపున మరొకటి పుడుతుంది. పదునాలుగు శతాబ్దాల క్రిందట అల్లాహ్ వద్దన్న ఆ మూడింటినే తీసుకుని, వంటగదిలో ఒకటి, మెట్లమీద ఒకటి, పూజగదిలోనో జానిమాజు ప్రక్కనో ఒకటి అమర్చితే ఈనాటి ధారావాహిక తయారవుతుంది.

ఇది మన దేశపు రోగం మాత్రమే కాదు. ‘క్యోంకి సాస్ భీ కభీ బహూ థీ’ 2000వ సంవత్సరంలో మొదలై ఎనిమిదేళ్ళు సాగింది. దాన్ని దరీ భాషలోకి మార్చి కాబూల్‌లోని టోలో టీవీ ప్రసారం చేస్తే, యుద్ధం చూసిన ఆఫ్ఘన్ కుటుంబాలు తులసి కష్టాల కోసం పనులు మానుకుని కూర్చున్నాయి. 2008లో అక్కడి ప్రభుత్వం భారతీయ ధారావాహికలను ఆపివేయమని ఆదేశించవలసి వచ్చింది. అదే ఏడాది ‘గుముష్’ అనే తుర్కీ ధారావాహిక సిరియా అరబీ పలుకుబడిలో ‘నూర్’ అనే పేరుతో అరబ్బు దేశాలను ఊపివేసింది. చివరి భాగాన్ని ఎనిమిదిన్నర కోట్లమంది చూశారని ప్రసారం చేసిన ఎంబీసీ సంస్థ ప్రకటించుకుంది. సౌదీ ప్రధాన ముఫ్తీ దాన్ని తీవ్రంగా ఖండించారు.

ఖండన సబబే. కాని పురుషులారా, ఇక్కడ కొంచెం ఆగుదాం. ‘నూర్’ను అరబ్బు స్త్రీలు ఎందుకు అంతగా ఇష్టపడ్డారని ఆ రోజుల్లో పత్రికలవారు అడిగితే, వినవచ్చిన జవాబులలో ఒకటి ఇది: అందులోని భర్త భార్యతో మృదువుగా మాట్లాడతాడు, ఆమె పనిని గౌరవిస్తాడు. భార్యతో మృదువుగా మాట్లాడే పురుషుణ్ణి చూడటానికి ముస్లిం స్త్రీ తుర్కీ నటుని దగ్గరకు వెళ్ళవలసి వచ్చిందంటే, ఆ సిగ్గు ఎవరిది? ఉమ్మె జర్అ కథ విన్న ప్రవక్త అనుచరులం మనం. ఇంటికి రాగానే ఫోను తీసి పడుకుంటాం. ఆమె కథ వినేవాడు లేనప్పుడు ఆమె కథ చెప్పే పెట్టె ముందు కూర్చుంటుంది. ఈ మాట చేదుగా ఉంటే మన్నించండి, తీపి చేసి చెప్పడం నాకు చేతకాలేదు.

ఈ విషయాన్ని ఇంత పొడవుగా ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు మనవి చేస్తాను. కొన్ని మాసాల క్రితం ఒక కుటుంబం రాజీ కోసం నా దగ్గరకు వచ్చింది. వారి అనుమతితోనే చెబుతున్నాను. ఊరూ పేరూ అడగవద్దు. నికాహ్ జరిగి ఏడాది కాలేదు. కోడలు నాలుగు మాసాలుగా పుట్టింట్లో ఉన్నది. మాట తలాక్ దాకా వచ్చింది. కారణమేమని అడిగాను. అత్తగారు చెప్పారు: ఒకనాటి మధ్యాహ్నం కోడలు గదిలో తలుపు దగ్గరగా వేసుకుని ఫోనులో, ఆయనకు తెలియనివ్వకు, డబ్బు అందగానే నాకు చెప్పు అని అంటూ ఉంటే తాను విన్నారట. వేలికి ఉండవలసిన ఉంగరం కూడా లేదట. అంతే, కొడుక్కు చెప్పారు. కొడుకు భార్యను ఆమె అన్నగారి ఇంటికి పంపించివేశాడు.

నేను ఆ అబ్బాయిని, నీవు ఆమెను అడిగావా బాబూ అన్నాను.

“అడిగితే మాత్రం నిజం చెబుతుందా హజ్రత్?” అన్నాడు.

అతని తల్లి అందుకుని, “ఇట్లాంటివి ఇట్లాగే మొదలవుతాయి హజ్రత్, మేము చూడటం లేదా?” అన్నారు. ఎక్కడ చూశారమ్మా అని అడిగితే ఆమె ఊరుకున్నారు. చుట్టాలలో చూడలేదు, ఇరుగుపొరుగున చూడలేదు. మరి ఎక్కడ చూశారో నాకూ అర్థమైంది, ఆమెకూ అర్థమైంది.

అక్కడున్న పెద్దమనుషులలో ఒకరు, ఆ అమ్మాయి ఫోను తెప్పించి చూద్దామన్నారు. తలదించుకుని ఒప్పుకుంటున్నాను, వద్దని చెప్పడానికి నేను కొంత ఆలస్యం చేశాను. ఆ తల్లి చెబుతున్నంతసేపూ నా మనసు కూడా ఆమె వైపే మొగ్గింది. నలభై ఏళ్ళుగా హుజురాత్ సూరా చదువుతున్నవాణ్ణి, పదేళ్ళు దాన్ని పిల్లలకు బోధించినవాణ్ణి.

మరునాడు ఆ అమ్మాయిని, ఆమె అన్నగారితో సహా పిలిపించాను. సంగతి ఏమిటంటే, ఆమె తమ్మునికి పాలిటెక్నిక్ పరీక్ష ఫీజు కట్టే దారి లేదు. తండ్రి లేడు. ఉంగరం అమ్మించి పంపింది. అత్తవారింట పుట్టింటి పేదరికం బయటపడుతుందని భయపడి దాచింది. అల్లాహ్ సాక్షి, అంతే సంగతి.

అయితే అత్తవారికి ముందే చెప్పవచ్చు కదా తల్లీ అన్నాను. ఆ అమ్మాయి ఏమన్నదో వినండి. పెళ్ళికి ముందే స్నేహితురాళ్ళు హెచ్చరించారట. అత్త మన మాటలు వింటుంది, మన గుట్టు పట్టుకుని దెప్పుతుంది, జాగ్రత్త అని. ఎవరి అత్తను చూసి చెప్పారమ్మా అంటే, డ్రామాలలో అట్లాగే ఉంటుంది కదా హజ్రత్ అన్నది. ఆమె చూసినవి ఉర్దూవి, అత్తగారు చూసినవి తెలుగువి. ఒకే గడపలో ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే పాఠం నేర్చుకున్నారు. నా జేబులోని కాగితానికి నేను చెప్పగలిగిన జవాబు ఇదే.

ఇప్పుడు ప్రవక్త (స) గృహం వైపు చూడండి. రమజాన్ చివరి పది దినాలలో ఆ మహనీయులు మస్జిదులో ఏతికాఫ్‌లో ఉండగా హజ్రత్ సఫియ్యా (రజి) చూడవచ్చారు. రాత్రి వేళ ఆమెను సాగనంపడానికి వెంట నడిచారు. దారిలో ఇద్దరు అన్సార్ సహచరులు కనిపించి, వేగంగా ముందుకు సాగిపోబోయారు. ఆయన వారిని నిలిపి, ఈమె సఫియ్యాయేనని చెప్పారు. ఆ ఇద్దరూ నివ్వెరపోయారు, మేము తమను అనుమానిస్తామా అని. షైతాన్ మనిషిలో రక్తంలా ప్రవహిస్తాడనీ, మీ మనసులలో ఏదైనా వేస్తాడేమోనని తాను భయపడ్డాననీ ఆయన వివరించారు. ఎవరూ అడగకముందే చెప్పివేయడం ఆయన సంప్రదాయం.

హజ్రత్ ఆయిషా (రజి) మీద నింద పడిన వృత్తాంతం మీకు తెలిసినదే. బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుండి తిరిగివస్తూ, పోయిన హారం వెదకబోయి ఆమె వెనుకబడ్డారు. కపట విశ్వాసులు కథ అల్లారు. మాసం రోజులు మదీనా నలిగిపోయింది. ఆ మాసంలో ఎవరేం చేశారో చూడండి. ప్రవక్త (స) సన్నిహితులను సంప్రదించారు, ఆమెకు సేవచేసే బరీరాను అడిగారు, చివరకు ఆమె ఎదుట కూర్చుని ఆమెతోనే మాట్లాడారు. అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో ఈ ప్రస్తావన వస్తే, నీవైతే అట్లాంటి పని చేస్తావా అని ఆయన భార్యను అడిగారు. ఆమె ఎన్నటికీ చేయనన్నది. ఆయిషా నీకంటే ఉత్తమురాలు కదా అని ఆయన ఆ మాటను అక్కడే త్రుంచివేశారు.

అన్నిటికంటే నా మనసులో నిలిచిపోయింది హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) జవాబు. ఆమె హజ్రత్ ఆయిషాకు సవతి. ప్రవక్త సతీమణులలో తనతో సాటిగా నిలిచింది ఆమేనని హజ్రత్ ఆయిషాయే చెప్పారు. ఏ ధారావాహిక రచయితకైనా ఈ సన్నివేశం అప్పగించి చూడండి, సవతి నోట ఏం పలికిస్తాడో! ప్రవక్త (స) అడిగినప్పుడు ఆమె, తన చెవులనూ కళ్ళనూ కాపాడుకుంటున్నానని, ఆయిషాను గురించి మంచి తప్ప మరేమీ ఎరుగనని సాక్ష్యమిచ్చారు. ఆమె సొంత సోదరి హమ్నా ఆ నిందను మోస్తూ ఊరంతా తిరుగుతున్న రోజులవి. అయినా ఆమె జారలేదు. పిమ్మట నూర్ సూరాలో అల్లాహ్ స్వయంగా హజ్రత్ ఆయిషా పవిత్రతను ప్రకటించాడు. నింద విన్న వెంటనే విశ్వాసులు తమవారిని గురించి మంచినే ఎందుకు తలచలేదని మందలించాడు.

ఆ కథ ముగింపు కూడా వినండి. నింద మోసినవారిలో మిస్తహ్ అనే పేద బంధువు ఉన్నాడు. హజ్రత్ అబూ బక్ర్ (రజి) అతన్ని పోషిస్తూ వచ్చారు. తన కుమార్తెపై నోరు చేసుకున్నాడని ఆ సహాయం ఆపివేశారు. క్షమించమని, అల్లాహ్ క్షమాపణ మీకు వద్దా అని బోధిస్తూ దైవవాణి అవతరించింది. ఆయన సహాయాన్ని తిరిగి ఆరంభించారు.

ఇంతా చెప్పి నా సంగతి దాచుకుంటే అది కపటం అవుతుంది. 2020 రమజాన్‌లో, మస్జిదులకు తాళాలు పడిన రోజుల్లో, ‘ఎర్తుగ్రుల్’ ఉర్దూలో వచ్చింది. నేనూ చూశాను. చారిత్రకం కదా, గుర్రాలూ ఖడ్గాలూ నమాజులూ ఉన్నాయి కదా అని మనసు సాకు చెప్పింది. ఒక రాత్రి సహరీ వేళ దాకా చూసి తహజ్జుద్ పోగొట్టుకున్నాను. అందులోనూ గుడారానికొక ద్రోహి. తాళాలు తెరిచిన తరువాత మన మస్జిదు కమిటీ సమావేశంలో కూర్చుని, వీరిలో కుర్దోగ్లు ఎవరై ఉంటారా అని ఒకరి తరువాత ఒకరి ముఖం చూశాను. కమిటీ సభ్యులు నన్ను మన్నింతురుగాక!

కనుక కాగితం వ్రాసిన సోదరీ! టీవీ పగలగొట్టమని నేను చెప్పను. మంచి పని నేర్పే కథ, మనసు మెత్తబరిచే కథ ఉంటే, నమాజు చెడకుండా, సిగ్గు చెడకుండా చూసుకోండి. ఒక మనిషిని గురించి చెడు తలచడంలోనే రుచి ఉన్న కథను వదిలివేయండి. అది ఉర్దూలో ఉన్నా, తెలుగులో ఉన్నా, తలమీద దుపట్టా ఉన్నా సరే. ఈ రాత్రికి మీ అత్తగారి ప్రక్కన కూర్చుని ఆమె ఏమి చూస్తున్నారో అడగండి. ఆమె పెళ్ళై వచ్చిన కొత్తల్లో ఎట్లా ఉండేదో అడగండి. అది ధారావాహికలో రాని కథ.

ఆ కుటుంబం సంగతి చెప్పడం మరిచాను. మస్జిదు ప్రక్కగదిలో వారిని కూర్చోబెట్టి నేను బయటకు వచ్చాను. టీ తెప్పించాను. అది చల్లారకముందే అబ్బాయి బయటకు వచ్చి, ఆటో మాట్లాడమంటారా హజ్రత్ అని అడిగాడు. ఆ తమ్ముని తరువాతి ఫీజు అత్తగారే కట్టారు. కోడలికి చెప్పకుండా కట్టారట. ఈ దాపరికానికి మాత్రం నేను అభ్యంతరం చెప్పలేదు.

అరబీ ఖుత్బాకు వేళయింది. సున్నత్ నమాజు చేయనివారు లేచి చేసుకోండి.